కొండరాయల్లా రోడ్డుకు పనికిరాదు

విజయనగరం: వానలు వెనకపట్టి, చేలల్లో కోతలు మొదలయ్యే వేళకు జిల్లాలో అనేక పల్లె రోడ్లది ఒకటే దృశ్యం. పైనున్న తారు పెచ్చులుగా లేచిపోయి ఉంటుంది. అడుగున ఉన్న కంకర తేలి ఉంటుంది. గోతుల్లో ఎర్రనీళ్లు నిలిచి ఉంటాయి. ధాన్యం బళ్లు, చెరకు ట్రాక్టర్లు ఒక చక్రం గోతిలో, ఒక చక్రం గట్టుమీద పెట్టుకుని నడుస్తాయి. పురిటి నొప్పులు పడుతున్న ఆడమనిషిని 108 వాహనం ఎక్కించాక ఆసుపత్రి చేరేదాకా ఇంటిల్లిపాదీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చోవలసిందే.

రోడ్డు వేసి రెండేళ్లయినా కాలేదని జనం వాపోతారు. రచ్చబండ దగ్గర తీర్పు కూడా వెంటనే వచ్చేస్తుంది. కాంట్రాక్టరు తారు తక్కువ పోశాడని ఒకరు, కంకర లారీలు మోతాదుకు మించి మోసి తొక్కేశాయని ఒకరు, ఇంజనీరు కళ్లు మూసుకున్నాడని మరొకరు అంటారు. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉండవచ్చు. కాని ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ రోడ్డులో వేసిన రాయి ఏ కొండది? ఆ రాయిని ఎవరైనా పరీక్షించారా?

ఇప్పుడీ ప్రశ్న అడగడానికి కారణం లేకపోలేదు. కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నాలుగో దశకు ఆమోదం తెలిపింది. దేశం మొత్తం మీద 25,000 ఆవాసాలకు, 62,500 కిలోమీటర్ల మేర రోడ్లు వేయాలని, అందుకు 70,125 కోట్ల రూపాయలు ఖర్చు చేయాలని నిర్ణయించింది. 2028-29 వరకు ఈ పనులు సాగాలి. రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో పల్లె పండుగ పేరుతో ఊళ్లలో సిమెంటు రోడ్ల పనులు ప్రారంభించింది. అంటే రానున్న మూడు నాలుగేళ్లలో పల్లెలవైపు మళ్లీ కంకర లారీలు వస్తాయి. ఆ లారీల్లో వచ్చే రాయి ఎలాంటిదో చూసుకోవలసింది ఆ దారిన నడిచేవాళ్లే.

అడుగున ఉన్నదే అసలు రోడ్డు

తారు రోడ్డు అంటే తారుతో చేసిన రోడ్డు అనుకోవడం పొరపాటు. పల్లె రోడ్లమీద సాధారణంగా వేసే తారు పొర మందం 20 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పు. ఆ పొరలో కూడా నూటికి తొంభై పాళ్లకు మించి చిన్న పిక్కే ఉంటుంది. తారు దాన్ని అంటిపెట్టి ఉంచే జిగురు, పైనుంచి వాన నీరు దిగకుండా కాపాడే తొడుగు. బరువు మోసేది మాత్రం ఆ పొర కాదు. దాని కింద 75 మిల్లీమీటర్ల చొప్పున పరిచి రోలరుతో అణచిన కంకర పొరలే బరువు మోస్తాయి. ఇంజనీర్లు దీన్నే వాటర్ బౌండ్ మెకాడం అంటారు. పల్లెల్లో మెటల్ రోడ్డు అనే మాట వాడుకలో ఉంది.

ఈ పద్ధతికి పేరిచ్చిన మెకాడం స్కాట్లండు దేశస్థుడు. రెండు వందల ఏళ్ల కిందట ఆయన చెప్పిన సూత్రం చాలా చిన్నది. పెద్ద బండలు పరచనక్కరలేదు, కోసులున్న చిన్న రాళ్లు చాలు, అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని బిగుసుకుంటే బండకంటె గట్టిగా నిలుస్తాయి. రాయి సరైన సైజులో ఉందో లేదో తెలుసుకోవడానికి ఆయన పనివాళ్లు దాన్ని నోట్లో పెట్టుకుని చూసేవారని, పళ్లూడిపోయిన ముసలివాడి నోట పట్టిన రాయి రోడ్డుకు మరీ పెద్దదైపోయిందని కథగా చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా సూత్రం మాత్రం నేటికీ మారలేదు. రాళ్లకు కోసులుండాలి, అవి బిగుసుకోవాలి, బిగుసుకున్న తరువాత నలగకూడదు. ఏటి గులకరాళ్లు ఎంత గట్టివైనా రోడ్డుకు పనికిరావు. నున్నగా ఉండి ఒకదానిమీద ఒకటి జారిపోతాయి.

రాయి మెత్తనిదైతే ఏమవుతుంది? రోలరు కిందనే కొంత పిండి అవుతుంది. మిగిలింది బళ్ల చక్రాల కింద నలుగుతుంది. కోసులు అరిగిపోయాక బిగువు సడలి పొర కుంగుతుంది. పొర కుంగితే పైనున్న తారు చిట్లుతుంది. ఆ చీలికలోంచి వాన నీరు దిగి పిండిని బురదగా మారుస్తుంది. మర్నాడు అదే చోట గొయ్యి పడుతుంది. చూసేవారికి పైకి కనిపించేది తారు లేచిపోవడమే గనుక నింద తారు మీద పడుతోంది.

రెండు రకాల కొండలు

రాయికి కరువు లేని జిల్లా ఇది. ఎటు చూసినా కొండే. అయితే తూర్పు కనుమల్లో ప్రధానంగా కనిపించేవి రెండు జాతుల రాళ్లు. వీటి మధ్య తేడా తెలియకపోతే రోడ్డు సంగతి తెలియదు.

మొదటిది ఖోండలైట్. ఒడిషా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరుమీద భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికా పేరు పెట్టారు. ఎర్రగానో, గోధుమ రంగులోనో ఉంటుంది. లోపల చిన్న చిన్న ఎర్రని గార్నెట్ గింజలు కనిపిస్తాయి. ఇది లోతున తాజాగా ఉన్నప్పుడు ఫరవాలేదనిపించే రాయే. కాని ఎండకు ఎండి వానకు నానడం దీనికి పడదు. పైపైన ఉన్నది వందల వేల ఏళ్లుగా శిథిలమై, చేత్తో నులిమితే రాలిపోయేటట్టు ఉంటుంది. ఒడిషాలోని కోణార్క సూర్యదేవాలయం చాలావరకు ఈ రాతితో కట్టిందే. పదమూడో శతాబ్దంలో చెక్కిన ఆ శిల్పాలు సముద్రపు గాలికి, వానకు ఎలా అరిగిపోయాయో చూసినవారికి ఈ రాతి స్వభావం గురించి వేరే చెప్పనక్కరలేదు. గుడి గోడలోనే నిలవలేనిది లారీ చక్రం కింద నిలుస్తుందా?

రెండోది చార్నొకైట్. ముదురు రంగులో, నీలి లేక ఆకుపచ్చ ఛాయతో, విరిచిన చోట నూనె రాసినట్టు మెరుస్తుంది. క్రషర్లవాళ్లు నల్లరాయి అనేది సాధారణంగా దీనినే. గట్టిది, నీరు తక్కువ తాగుతుంది. రోడ్డుకైనా, సిమెంటు కాంక్రీటుకైనా దీనికి వంక పెట్టనక్కరలేదు. ఇది దొరికే క్వారీలు అన్ని మండలాల్లోనూ లేవు. ఊరి పక్కనే ఉన్న కొండ చాలాసార్లు ఎర్రరాయిదే అయి ఉంటుంది.

తగాదా అంతా ఇక్కడే మొదలవుతుంది. రోడ్డు అంచనా వేసేటప్పుడు ఇంజనీర్లు రాయి ఏ క్వారీ నుంచి తేవాలో, అది ఎన్ని కిలోమీటర్ల దూరమో లెక్కకట్టి, రవాణా ఖర్చును అంచనాలో కలుపుతారు. దీనిని లీడ్ అంటారు. ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని నల్లరాయి క్వారీకి లీడ్ మంజూరు చేయించుకుని, మూడు కిలోమీటర్లలో ఉన్న ఎర్రకొండను తవ్వి తెస్తే ఆ తేడా అంతా మిగులు. బిల్లులో నల్లరాయి, రోడ్డుమీద ఎర్రరాయి. రోలరు తిరిగి, పైన గ్రావెల్ చల్లి, తారు పోసిన తరువాత ఏది ఏదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

కాంట్రాక్టర్లందరూ ఇలాగే చేస్తారనడం న్యాయం కాదు. నికరంగా పనిచేసే వారూ ఉన్నారు. అంచనాకంటె బాగా తక్కువకు టెండరు పాడుకుని, పైగా బిల్లులు నెలల తరబడి ఆగిపోతే వారికీ ఇబ్బందే. కాని ఆ నష్టాన్ని రాతిలో పూడ్చుకుంటే దాన్ని భరించేది ఆ రోడ్డున నడిచే ఊరు.

పదిహేను దెబ్బల పరీక్ష

రాయి గట్టిదా కాదా అనేది కంటిచూపుతో తేల్చవలసిన విషయం కాదు. దానికి పరీక్షలున్నాయి. అవి కొత్తవీ కావు. 1963లోనే భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 2386 పేరుతో కంకరను పరీక్షించే పద్ధతులన్నింటినీ అచ్చువేసింది. అప్పట్లో ఐ.ఎస్.ఐ. అని పిలిచిన ఆ సంస్థే 1987 నుంచి బి.ఐ.ఎస్. అయింది.

వీటిలో పల్లె రోడ్డు దగ్గర కూడా అరగంటలో చేయదగినది ఇంపాక్ట్ పరీక్ష. తెలుగులో దెబ్బ పరీక్ష అనుకోవచ్చు. 12.5 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగి, 10 మిల్లీమీటర్ల జల్లెడమీద ఆగిన పొడి పిక్కను ఒక ఉక్కు గిన్నెలో నింపుతారు. సుమారు 14 కిలోల ఇనప సుత్తి 38 సెంటీమీటర్ల ఎత్తునుంచి ఆ గిన్నెలోని పిక్కమీద పదిహేను సార్లు పడుతుంది. తరువాత ఆ పిక్కను 2.36 మిల్లీమీటర్ల సన్న జల్లెడలో పోసి జల్లిస్తారు. కిందికి దిగిన పిండి బరువు మొత్తంలో ఎన్నో వంతో చూస్తారు. గిన్నెలో 400 గ్రాముల పిక్క పోస్తే 100 గ్రాముల పిండి దిగిందనుకుందాం. అప్పుడు ఆ రాతి విలువ 25 శాతం.

ఇక్కడ అంకె ఎంత తక్కువైతే రాయి అంత గట్టిది. 20 శాతం లోపు వస్తే గట్టిరాయి. 20 నుంచి 30 వరకు రోడ్డుకు సరిపోతుంది. 35 దాటితే మెత్తరాయి. బళ్ల చక్రాలు నేరుగా తొక్కే పైపొరకు వాడే రాయి 30 శాతం దాటకూడదన్నది నియమం. సిమెంటు రోడ్డుకు వాడే పిక్కకు కూడా హద్దు 30 శాతమే. అడుగు పొరల విషయంలో కొంత సడలింపు ఉంది. జాతీయ రహదారులమీద వేసే మేలురకం తారు కాంక్రీటుకైతే 24 శాతంతోనే ఆపేశారు. పల్లెకో న్యాయం, పట్నానికో న్యాయమా అని అడగవచ్చు. రోజుకు వేల లారీలు తిరిగే రోడ్డు, పది ట్రాక్టర్లు తిరిగే రోడ్డు ఒకటి కావు గనుక ఆ తేడా సబబే. పల్లెకు పెట్టిన ఆ 30 అయినా పాటిస్తున్నారా అన్నదే ప్రశ్న.

రాయి అరుగుదల చూడడానికి మరో పరీక్ష ఉంది. ఉక్కు గుండ్లతో కలిపి కంకరను ఒక పెద్ద డ్రమ్ములో వేసి 500 చుట్లు తిప్పుతారు. అమెరికాలోని లాస్ ఏంజెల్స్ నగరం పేరే దీనికి పెట్టారు. ఈ యంత్రం పెద్దది, పల్లెకు తీసుకురాలేరు. పట్నంలోని లాబొరేటరీల్లోనో, ఇంజనీరింగు కాలేజీల్లోనో ఉంటుంది.

నీటి పరీక్ష మన ప్రాంతానికి అన్నింటికంటె ముఖ్యం. నైరుతి వానలు చాలవన్నట్టు అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాన్లు కూడా ఇక్కడే వచ్చిపడతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్ చేసిన నష్టం ఉత్తరాంధ్రలో ఎవరూ మరచిపోలేదు. రోజుల తరబడి నీళ్లలో నానే రోడ్డుకు నీరు తాగే రాయి వేస్తే అది లోపలినుంచే కుళ్లుతుంది. అందుకే కంకరను 24 గంటలు నీటిలో నానబెట్టి, పైతడి తుడిచి తూకం వేసి, ఆపైన కొలిమిలో బాగా ఆరబెట్టి మళ్లీ తూస్తారు. తారు పొరకు వాడే రాయి తన బరువులో 2 శాతానికి మించి నీరు తాగకూడదు. కిలో రాయికి 20 గ్రాములన్నమాట. కంకర పొరలకు వాడే రాయి 2 శాతం దాటిందంటే దాన్ని మరింత కఠినమైన పరీక్షకు పెట్టాలి. సోడియం సల్ఫేటు ద్రావణంలో అయిదుసార్లు నానబెట్టి, అయిదుసార్లు ఆరబెట్టినా 12 శాతానికి మించి రాలిపోకుండా ఉంటేనే అది ఎండావానలకు ఆగే రాయి.

ఆకారం సంగతి కూడా చెప్పుకోవాలి. గట్టిరాయే అయినా పెంకుల్లా పలచగా ఉంటే రోలరు కింద అడ్డంగా విరిగిపోతుంది. రాయి మందం దాని సగటు సైజులో పదింట ఆరు వంతులకంటె తక్కువైతే దానిని పెంకురాయి కింద లెక్కిస్తారు. 50 నుంచి 63 మిల్లీమీటర్ల సైజు కంకరలో రాయి మందం 34 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఇంచుమించు రెండు వేళ్ల మందం. చిన్న క్రషర్లలో దవడలాంటి యంత్రంతో ఒక్కసారి నలిపి పంపేస్తే పెంకులు ఎక్కువగా వస్తాయి. రెండో దఫా మరో రకం యంత్రంలో నలిపితే ఆకారం కుదురుతుంది. అందుకు కరెంటు ఖర్చు, అరుగుదల ఖర్చు ఎక్కువ.

ఇక తారుకూ రాతికీ పొత్తు. ఎక్కువ రకాల రాళ్లకు తారుకంటె నీటిమీదే మక్కువ. పిక్కకు బుగ్గి పట్టి ఉంటే తారు ఆ బుగ్గికి అంటుకుంటుంది గాని రాతికి అంటదు. తొలి వానకే ఊడి వస్తుంది. తారు పూసిన పిక్కను 24 గంటలు గోరువెచ్చని నీటిలో ఉంచినా నూటికి 95 వంతుల మేర పూత చెక్కు చెదరకుండా ఉండాలన్నది ప్రమాణం. రోడ్డు పక్కన పోసిన పిక్కను గుప్పెడు తీసి చూసినప్పుడు అరచేయి తెల్లగా అయితే ఆ పిక్కను కడగకుండా వాడకూడదని ఎవరికైనా అర్థమవుతుంది.

సిమెంటు రోడ్లకు బుగ్గి బెడద మరో రూపంలో ఉంది. ఇసుకకు బదులు యంత్రాలతో తయారుచేసిన రాతి ఇసుకను వాడవచ్చని ప్రమాణాల సంస్థ అంగీకరించింది. అయితే రాతి ఇసుక వేరు, క్రషరు కింద రాలే బుగ్గి వేరు. ఇసుక కోసమే ప్రత్యేకంగా నలిపి, పిండిని తొలగించి తీసేది మొదటిది. రెండోది క్రషరులో మిగిలిన చెత్త. ధరలో తేడా ఉంది గనుక ఒకటి చెప్పి మరొకటి కలిపే అవకాశమూ ఉంది. బుగ్గి ఎక్కువైన కాంక్రీటు నీరు ఎక్కువ అడుగుతుంది. నీరు ఎక్కువైతే బలం తగ్గుతుంది. అలాంటి రోడ్డు ఏడాది తిరగకుండానే పైన పొడి రాలడం మొదలవుతుంది.

శాంపిల్ ఒకటి, రాయి ఒకటి

పరీక్షలు లేవనడానికి వీలులేదు. రికార్డుల్లో అన్నీ ఉంటాయి. గ్రామ సడక్ యోజన పనులకైతే మూడంచెల తనిఖీ కూడా ఉంది. కాంట్రాక్టరు పని దగ్గరే లాబొరేటరీ పెట్టాలి. ఇంజనీర్లు పరీక్షలు చేయించి క్వాలిటీ కంట్రోల్ రిజిస్టరులో రాయాలి. ఇది మొదటి అంచె. రాష్ట్రం పంపే క్వాలిటీ మానిటర్లు రెండో అంచె. ఢిల్లీనుంచి నియమించే జాతీయ క్వాలిటీ మానిటర్లు మూడో అంచె. వీరు చాలావరకు రిటైరైన సీనియర్ ఇంజనీర్లు. పని చూసి సంతృప్తికరం, మెరుగుదల అవసరం, అసంతృప్తికరం అని మూడు రకాలుగా మార్కు వేస్తారు.

ఇన్ని అంచెలున్నా జారిపోయే చోటు ఒకటుంది. అది శాంపిల్ తీసే చోటు. లాబొరేటరీకి వచ్చిన సంచిలో ఏముందో దాన్నే లాబొరేటరీ పరీక్షిస్తుంది. క్వారీలోని మంచి రాయిని ఏరి సంచిలో పోసి పంపితే ఫలితం 18 శాతమే వస్తుంది. ఆ కాగితంమీద సంతకాలన్నీ సక్రమంగానే ఉంటాయి. రోడ్డుమీద పడ్డ రాయికి ఆ కాగితంతో సంబంధం ఉండదు.

శాంపిల్ తీయడానికి కూడా ఒక పద్ధతి ఉంది. రోడ్డు పక్కన పోసిన కుప్ప మొదట్లోంచి, నడుమలోంచి, పైనుంచి, వేరు వేరు చోట్ల కంకర తీసి కలపాలి. కలిపిన దానిని గుండ్రంగా కుప్పపోసి, అదిమి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేయాలి. మిగిలిన రెంటినీ మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేయాలి. కావలసినంత మిగిలేదాకా ఇలా చేస్తే ఏరుకోవడానికి వీలుండదు. కళ్లంలో ధాన్యం నాణ్యం చూసే రైతు బస్తా పైనున్న గింజలు మాత్రమే చూడడు, బొంగి గుచ్చి లోపలివి కూడా తీస్తాడు. ఇదీ అంతే.

రాయి మెత్తదనం ఒక్కటే కాదు, కొలతలోనూ కొరత పడుతుంది. 3.75 మీటర్ల వెడల్పున ఒక కిలోమీటరు రోడ్డుకు 75 మిల్లీమీటర్ల కంకర పొర వేయాలంటే, రోలరుతో తొక్కకముందు కుప్పల్లో 340 నుంచి 400 ఘనమీటర్ల కంకర ఉండాలి. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరు తొట్టెతో లెక్క వేస్తే 120 నుంచి 140 ట్రిప్పులు. రెండు పొరలైతే దానికి రెట్టింపు. ఈ లెక్కకు ఇంజనీరింగు చదువు అక్కరలేదు. కొట్టు దగ్గర కూర్చున్న మనిషి వచ్చిన ట్రాక్టర్లను గోడమీద బొగ్గుతో గీతలు గీసి లెక్కపెట్టగలడు. కంకర తగ్గించి ఎర్ర గ్రావెల్ మందంగా పరిచేసి రోలరు తిప్పడం పాత ఎత్తే. అందుకే తొక్కకముందు కొలవాలి. తొక్కాక కొలవాలంటే రోడ్డు తవ్వాలి.

ఊరివారికున్న హక్కు

గ్రామ సడక్ యోజన నిబంధనల్లో ఊరివారి కోసం రాసిన సంగతులు రెండున్నాయి. పని జరిగే చోట స్థానిక భాషలో ఒక బోర్డు పెట్టాలి. దానిమీద ఏ పొరకు ఎంత కంకర, ఎంత గ్రావెల్ వాడుతున్నారో మామూలు మనిషికి అర్థమయ్యేటట్టు రాయాలి. చాలా చోట్ల బోర్డు ఉంటుంది. కాంట్రాక్టరు పేరు, మొత్తం రూపాయలు ఉంటాయి. కంకర అంకెలు ఉన్నాయో లేవో ఎవరూ తలెత్తి చూడరు. చూసి, అవి లేకపోతే అడగవలసింది ఊరివారే.

రెండోది, అసిస్టెంట్ ఇంజనీరు రెండు నెలలకోసారి ఆ పంచాయతీ సర్పంచితో కలిసి పనిని చూడాలి. పైస్థాయి ఇంజనీర్లు శాసనసభ్యులతో, పార్లమెంటు సభ్యులతో కలిసి చూడాలి. సర్పంచి ఆ రోజున టీ తాగి సంతకం పెట్టి వస్తే అది తనిఖీ అనిపించుకోదు. కుప్పలోంచి తన కళ్లముందు శాంపిల్ తీయించి, దెబ్బ పరీక్ష అక్కడే చేసి చూపించమంటే కాదనడానికి కారణం ఉండదు. యంత్రం పని దగ్గరి లాబొరేటరీలో ఉండవలసిందే గనుక, యంత్రం లేదంటే అదే ఒక జవాబు.

ఈ పథకం కింద వేసిన రోడ్డుకు అయిదేళ్లపాటు మరమ్మతులు చేయవలసిన బాధ్యత కూడా వేసిన కాంట్రాక్టరుదే. గోతులు పడితే పూడ్చాలని మళ్లీ ప్రభుత్వానికి అర్జీలు పెట్టుకుంటూ తిరగడం కంటె, ఏ తేదీన పని పూర్తయిందో చూసి అయిదేళ్లు నిండకముందే కాంట్రాక్టరుచేత చేయించమని పట్టుబట్టడం మేలు. మేరీ సడక్ అనే సెల్‌ఫోన్ యాప్‌లో గోతి ఫొటో తీసి ఫిర్యాదు పంపే ఏర్పాటు 2015 నుంచి ఉంది. కాని గొయ్యి పడ్డాక తీసిన ఫొటోలో రాయి ఎలాంటిదో కనిపించదు.

వీటన్నిటికంటె గట్టిది 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం. ఈ చట్టం కాగితాలకే పరిమితమని చాలామంది అనుకుంటున్నారు. అది సరికాదు. చట్టంలోని రెండో సెక్షను ప్రకారం ప్రభుత్వ పనిని స్వయంగా పరిశీలించే హక్కు, ఆ పనిలో వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన శాంపిల్ తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. అంటే ఊరి మనిషి ఎవరైనా సరే, తమ రోడ్డుకు వాడుతున్న కంకర శాంపిల్ ఇవ్వండని దరఖాస్తు పెట్టవచ్చు. ఆ శాంపిల్‌ను సొంత ఖర్చుమీద ఏ లాబొరేటరీలోనైనా పరీక్ష చేయించుకోవచ్చు. దానితోపాటు క్వాలిటీ కంట్రోల్ రిజిస్టరు నకలు, లీడ్ స్టేట్‌మెంటు నకలు కూడా అడగాలి. రిజిస్టరులో రాసిన అంకె, లాబొరేటరీలో వచ్చిన అంకె పక్కపక్కన పెడితే ఇక మాటలతో పనిలేదు.

అందరికీ లాబొరేటరీ దాకా వెళ్లే తీరిక ఉండదు. ఇంటి దగ్గర చేసుకోదగిన మోటు పరీక్షలు కొన్నున్నాయి. ఇవి అధికారికంగా చెల్లవు గాని అనుమానం తీర్చుకోవడానికి పనికివస్తాయి. కుప్పలో వేరు వేరు చోట్లనుంచి పది రాళ్లు తీసి సుత్తితో కొడితే, గట్టిరాయి ఖంగుమని మోగి రెండు మూడు ముక్కలవుతుంది. మెత్తరాయి డొల్లగా చప్పుడు చేసి పిండి రాలుస్తుంది. బాగా ఎండిన రెండు కిలోల కంకరను కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటామీద తూచి, ఒక పగలు ఒక రాత్రి బాల్చీలో నానబెట్టి, గుడ్డతో తుడిచి మళ్లీ తూస్తే ఎంత నీరు తాగిందో తెలుస్తుంది. 40 గ్రాములు పెరిగితే హద్దుకు వచ్చినట్టు. వంద గ్రాములు పెరిగిందంటే ఆ రాయి సంగతి ఇంజనీరుకు చెప్పవలసిందే. బాల్చీ అడుగున ఎర్రని మడ్డి దిగితే అది ఏ కొండనుంచి వచ్చిందో కూడా అడగవలసి ఉంటుంది.

ఎర్రకొండ రాయి దేనికీ పనికిరాదని దీని అర్థం కాదు. శిథిలమైన ఖోండలైట్ గ్రావెల్ రూపంలో మట్టికట్టకు, రోడ్డు అంచులకు పనికివస్తుంది. దాని చోటు అడుగున, పక్కన. దానిని కంకర పొరలో పెట్టి నల్లరాయి బిల్లు తీసుకోవడమే తప్పు.

కంకర కుప్పలు రోడ్డు పక్కన ఉండేది మహా అయితే రెండు మూడు వారాలు. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికి అధికారికి ముప్ఫై రోజుల గడువుంది. కాబట్టి కుప్పలు పడ్డాక దరఖాస్తు రాస్తే, జవాబు వచ్చే నాటికి రోలరు తిరిగిపోయి ఉంటుంది. పని మంజూరైనట్టు తెలిసిన రోజునే రాయడం మంచిది. గ్రామస్థాయి కార్యాలయంలో ఇచ్చే దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు.